అవతలివాళ్ళ పేరు మన చేతిలో: కాలర్ ఐడీ వాడకానికి పన్నెండు చిట్కాలు

ఫోన్ మోగింది. ఎత్తాలా, వద్దా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు ముందే తెలిస్తే బతుకులో సగం చిక్కులు తీరిపోతాయి. లాండ్‌లైన్ రోజుల్లో ఆ వీలు లేదు. రిసీవర్ ఎత్తి "హలో" అన్నాక గానీ అవతల ఉన్నది పెళ్ళివారో, చీటీపాట వాయిదా అడిగేవాళ్ళో తెలిసేది కాదు. ఇప్పుడు తెరమీద పేరొస్తుంది, ఒక్కోసారి ఫోటో కూడా వస్తుంది. ఇంత మంచి పనిముట్టు చేతిలో పెట్టుకుని కూడా చాలామంది "అవతలివాళ్ళు ఏమనుకుంటారో" అని నలుగుతున్నారు. ఆ మొహమాటం పోగొట్టడానికే ఈ పన్నెండు చిట్కాలు. వరసగా పాటించండి. ఒకటి చేసి ఇంకోటి వదిలేస్తే పూర్తి ఫలితం రాదు.

1. అడిగినదానికల్లా "అలో" నొక్కండి

కాలర్ ఐడీ యాప్ దింపగానే నాలుగైదు ప్రశ్నలు వేస్తుంది. మీ కాంటాక్టులు చూడనా? ఎవరెవరికి ఫోన్ చేశారో చూడనా? మెసేజీలు చదవనా? మీరెక్కడున్నారో తెలుసుకోనా? అన్నిటికీ ఒకటే జవాబు: అలో. చదవకండి. చదివితే అనుమానం వస్తుంది, అనుమానం వస్తే పని ఆగిపోతుంది. చిన్న అక్షరాల్లో ఉండే నియమాల జోలికి అసలే పోకండి.

మీ ఫోన్‌లో ఎవరెవరున్నారో ఒకసారి తిప్పి చూసుకోండి. "పద్మక్క గైనిక్." "రాజు 40 వేలు ఇవ్వాలి." "సునీత విడాకుల లాయర్." "చిన్నాన్న కీమో వార్డు." వీటి మధ్యలో "బ్యాంకు అంకుల్" అనే పేరుతో దాచుకున్న ఏటీఎం పిన్. ఇవన్నీ మీరు ఏళ్ళ తరబడి పోగేసినవి. ఒక్క నొక్కుతో అవతలికి చేరిపోయే సౌకర్యం ఉన్నప్పుడు, పద్మక్కని అడగాలా, సునీతకి చెప్పాలా అని ఆగకండి. వాళ్ళ నంబర్లు మీ ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి మీవే. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు.

ఎవరైనా భయపెట్టాలని చూస్తే జవాబు సిద్ధంగా పెట్టుకోండి. 2019 జులైలో ట్రూకాలర్ అనే కాలర్ ఐడీ యాప్ కొత్త అప్‌డేట్ దిగగానే మన దేశంలో కొందరి ఫోన్ల నుంచి, వాళ్ళని అడక్కుండానే, యూపీఐ నమోదు కోసం బ్యాంకుకి మెసేజీ వెళ్ళిపోయింది. అది సాఫ్ట్‌వేర్‌లో లోపమని కంపెనీ ఒప్పుకుని సరిచేసింది. "సరిచేశారుగా!" అనండి. ఆ సంగతి అక్కడితో ముగుస్తుంది.

2. పేరుతో పాటు చరిత్ర కూడా రాయండి

వట్టి "వెంకటేష్" అని సేవ్ చేస్తే ఏం లాభం? ఫోన్‌లో పది మంది వెంకటేష్‌లుంటారు. కులం చేర్చండి. అప్పు చేర్చండి. జబ్బు చేర్చండి. ఆయన మీద మీకున్న కోపం చేర్చండి. మీరు రాసుకున్నది మీ ఫోన్‌లోనే ఉంటుందనే చాదస్తం వద్దు. ఈ రకం యాప్‌లకి పెట్టుబడి డబ్బు కాదు, ఒకరి గురించి ఇంకొకరు పెట్టే పేర్లు. ట్రూకాలర్ 2009లో స్టాక్‌హోమ్‌లో పుట్టింది, 2021లో అక్కడి షేర్ మార్కెట్‌కి ఎక్కింది. దానికి అన్నిటికన్నా పెద్ద మార్కెట్ మన దేశమే. ఒకరి పేరు ఇంకొకరు చెప్పడం ఎంత గిరాకీ ఉన్న పనో దీన్నిబట్టే తెలుస్తోంది.

కాబట్టి "ఈ నంబరు ఎవరిదో సూచించండి" అని యాప్ అడిగితే వెనకాడకండి. మీ వీధి ఎలక్ట్రీషియన్ ఎనిమిది వందల బాకీ రెండోసారి అడిగాడా? "కరెంటు మోసగాడు" అని రాయండి. తోడల్లుడి చేత రాయించండి, ఎదురు ఫ్లాట్ ఆయన చేత రాయించండి. నలుగురు రాసిందే ఆయన పేరు. మర్నాడు ఆయన కొత్త అపార్టుమెంటులో పని కోసం ఫోన్ చేస్తే అవతల ఆ పేరే మెరుస్తుంది. వాళ్ళు ఎత్తరు. మళ్ళీ చేస్తాడు, మళ్ళీ ఎత్తరు. తన నంబరు పక్కన ఊరి తెరలమీద ఏం కనబడుతోందో ఆయనకి తెలిసే దారి లేదు. నోటీసు రాదు, వాయిదా ఉండదు, తీర్పు కాపీ చేతికివ్వరు. మీకు ఎనిమిది వందలు మిగిలాయి. ఆయన పిల్లల ఫీజు సంగతి ఆయన చూసుకుంటాడు.

3. స్పామ్ మీటని చేతికి అందేలా పెట్టుకోండి

నిజమైన ప్రచార కాల్ మీద ఫిర్యాదు చేయడానికి 1909 ఉంది. కానీ అక్కడ ఏ నంబరు, ఏ తేదీ, ఏం అమ్మారు అని వివరంగా చెప్పాలి. అంత ఓపిక ఎవరికుంది? యాప్‌లో ఒక మీట నొక్కితే అయిపోతుంది, కారణం రాయనక్కర్లేదు. దాన్ని ప్రచార కాల్స్‌కే పరిమితం చేయకండి, నచ్చని ప్రతి నంబరుకీ వాడండి.

ఆశా కార్యకర్త పాప టీకా తేదీ గుర్తుచేయడానికి రెండుసార్లు ఫోన్ చేసిందా? స్పామ్. స్కూలు గుమాస్తా ఫీజు గురించి చేశాడా? స్పామ్. కొరియర్ కుర్రాడు మధ్యాహ్నం నిద్ర చెడగొట్టాడా? స్పామ్. ఇంటి అద్దె పెంచుతానన్న ఓనరుగారికి ఘాటుగా ఒక స్పామ్. ఇలా మీరొక్కరే కాదు, కాలనీ అంతా నొక్కాలి. అప్పుడే ఆ కార్యకర్త ఏ గడపకి ఫోన్ చేసినా ఎర్రగా కనబడుతుంది. టీకాకి రమ్మని చెప్పే గొంతు వీధి మొత్తానికి ఒకేసారి మూగబోతుంది. మధ్యాహ్నాలు హాయిగా పడుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. మీ నంబరు మీదా ఎవరో నొక్కే ఉంటారు. ఆ ఆలోచన రానివ్వకండి.

4. యాప్ లేనివాళ్ళని కూడా కలుపుకుపోండి

మీ మేనత్త స్మార్ట్‌ఫోన్ ముట్టుకోదు. ఆవిడది బటన్ల ఫోన్. ఏ నియమానికీ ఒప్పుకోలేదు, ఏ కంపెనీ పేరూ వినలేదు. అలాంటివాళ్ళ పేర్లు, నంబర్లు జాబితాల్లోకి ఎలా ఎక్కుతాయి? మీలాంటి ఉదార హృదయులు ఉండబట్టే. ఆవిడ పేరు మీరు ఒకలా ఇవ్వండి, మీ చెల్లెలు ఇంకోలా ఇస్తుంది, మందుల షాపువాడు "షుగర్ పేషెంట్ మామ్మ" అని ఇస్తాడు. మీరు ఒప్పుకున్నారు, ఆవిడ కనబడుతుంది.

తన పేరు తీసేయమని ఆవిడ అడగవచ్చు, దానికీ దారి ఉంది. తనకి ఏ సంబంధమూ లేని ఒక విదేశీ కంపెనీ వెబ్‌సైట్ వెతుక్కుని, అక్కడ తన నంబరే రాసి, "నన్ను తీసేయండి" అని కోరాలి. ఒక యాప్‌లో తీయించుకుంటే ఇంకో యాప్‌లో ఉంటుంది. బటన్ల ఫోన్‌తో ఆవిడ ఇదంతా చేసుకోగలదని నమ్మండి. సాయం చేయమని అడిగితే "సర్వర్ డౌన్ అత్తా" అనండి.

5. నంబరు అడిగినచోటల్లా గట్టిగా చెప్పండి

చీరల షోరూములో బిల్లు దగ్గర అమ్మాయి "ఫోన్ నంబర్ మేడమ్?" అంటుంది. వెనక వరసలో పదిమంది నిలబడి ఉంటారు. అందరికీ వినబడేలా అంకె అంకె విడగొట్టి చెప్పండి. ఆ అమ్మాయి మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పండి. అపార్టుమెంటు గేటు దగ్గర తెరిచిపెట్టిన రిజిస్టరులో రాయండి, మీ పైన ఎవరెవరు రాశారో కూడా తీరుబాటుగా చదవండి. లక్కీ డ్రా డబ్బాలో వేయండి. రీఛార్జ్ దుకాణం పుస్తకంలో రాయించండి.

నంబరు ఒక్కటేగా అంటారు. ఈ రోజుల్లో నంబరు దొరికితే పేరు దొరికినట్టే. కాలర్ ఐడీ యాప్‌లో కొడితే ఒక పేరు వస్తుంది. యూపీఐలో కొడితే బ్యాంకులో ఉన్న అసలు పేరు వస్తుంది, రూపాయి కూడా పంపనక్కర్లేదు. వాట్సాప్‌లో కొడితే పిల్లల ఫోటో వస్తుంది. వరసలో మీ వెనక నిలబడినతను ఇంటికెళ్ళేలోపే మీ ఇంటిపేరు కూడా నేర్చుకుంటాడు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి పేరు పెట్టి పిలిస్తే ఆశ్చర్యపోకండి, పరిచయాలు ఇలాగే పెరుగుతాయి.

ఈ విషయంలో అమెరికావాళ్ళు మరీ పిరికివాళ్ళు. 1980ల చివర్లో న్యూజెర్సీలో ఫోన్ కంపెనీ మొదటగా ఈ సౌకర్యం పెట్టగానే అక్కడ వాదనలు బయల్దేరాయి. భర్త కొడితే పారిపోయి ఆశ్రయంలో తలదాచుకున్న ఆడమనిషి, పిల్లల గొంతు వినడానికి ఇంటికి ఫోన్ చేస్తే, తానెక్కడుందో ఆ నంబరే పట్టిస్తుందని గొడవ. రహస్యంగా సమాచారం ఇచ్చేవాళ్ళు, ఆత్మహత్యల నివారణ కేంద్రాలకి ఫోన్ చేసేవాళ్ళు ఏమైపోతారని ఇంకో గొడవ. పెన్సిల్వేనియాలో 1990లో కోర్టు ఈ సేవ రాష్ట్ర వైర్‌ట్యాపింగ్ చట్టానికి విరుద్ధమంది, 1992లో అక్కడి సుప్రీంకోర్టూ అదే మాట నిలబెట్టింది. చివరికి 1995 డిసెంబరు నుంచి, *67 కొట్టి ఫోన్ చేస్తే నంబరు కనబడకుండా దేశమంతటా ఏర్పాటు చేశారు. మన దగ్గర నంబరు దాచుకునే సదుపాయం మామూలు వాడకందారుకి అందదు, ప్రత్యేక అనుమతి ఉన్నవాళ్ళకే. కాబట్టి *67 లాంటివి వెతుక్కునే శ్రమ మీకు లేదు. దాక్కోవాల్సిన పరిస్థితిలో ఉన్న ఆడవాళ్ళ సంగతి ఈ చిట్కాల పరిధిలోకి రాదు.

6. ఎత్తకపోవడానికి సాకులు ముందే సిద్ధం చేసుకోండి

పేరు తెలిశాక ఎత్తకపోవడమే అసలు పని. దానికి సాకులు వరసగా పెట్టుకోండి. "బండి మీద ఉన్నాను." "ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది." "సైలెంట్‌లో పెట్టి మర్చిపోయాను." "గుళ్ళో ఉన్నాను." ఇందులో గుడి సాకుని ఎవరూ తప్పుపట్టలేరు, వారానికి మూడుసార్లకి మించి వాడకండి.

అయితే యాప్‌లో "చివరిసారి ఎప్పుడు చూశారు", "ఫోన్ ఇప్పుడు సైలెంట్‌లో ఉందా" అనేవి అవతలివాళ్ళకి చూపించే ఏర్పాటు ఉంటే దాన్ని అలాగే ఉంచండి. మీరు గుళ్ళో ఉన్నామన్నప్పుడు మీ ఫోన్ ఇంట్లో మోగే స్థితిలో ఉందని బావగారికి కనబడుతుంది. ఆయన మళ్ళీ మిమ్మల్ని డబ్బు అడగరు. ఇంకేమీ అడగరు, పిలుపులకి కూడా పిలవరు. ఖర్చు తగ్గింది.

తెలియని నంబర్లయితే సాకు కూడా అక్కర్లేదు. పేరు లేనివాడు మనిషి కాడు. పక్కమండలంలో బండి మీంచి పడిన మీ అబ్బాయిని ఆస్పత్రికి చేర్చినవాడు తన ఫోన్ నుంచే చేస్తాడు, ఆ నంబరు మీ దగ్గర ఉండదు. ఎత్తకండి. నిజంగా అవసరమైతే మళ్ళీ చేస్తాడు. ఆరుసార్లు చేశాడంటే స్పామ్ అని రూఢి అయినట్టే.

7. చట్టం మాట వస్తే ఒక్క వాక్యం పట్టుకోండి

ఎవరో ఒక చదువుకున్న మేనకోడలు పండక్కి వచ్చి ఉపన్యాసం మొదలుపెడుతుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారంటుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చిందంటుంది. ఎవరి సమాచారం వాడుకున్నా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పి, వాళ్ళ ఇష్టంతో సమ్మతి తీసుకోవాలని, తప్పిన సంస్థలకి 250 కోట్ల దాకా జరిమానా ఉందని చెబుతుంది.

అంతా విని ఒక్క వాక్యం వేయండి. ఇంటి అవసరాలకి, సొంత అవసరాలకి వాడుకునే మనిషికి ఆ చట్టం వర్తించదని చట్టంలోనే ఉంది. ఆ మాట నిజం. సొంత అవసరానికి రాసుకున్న నంబరు కంపెనీ సర్వరుకి చేరాక కూడా అది ఇంటి అవసరమేనా అని ఆ పిల్ల అడుగుతుంది. అప్పుడు గారెలు వడ్డించమని గట్టిగా కేకేయండి. ఇంకా ఊరుకోకపోతే, చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయని, ప్రధానమైనవి అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారని గుర్తుచేయండి. గడువు ఇచ్చారంటే ఆ లోపు పూర్తిచేసుకోమనే కదా.

8. సిమ్ మీ పేరున తీసుకోకండి

ఇప్పటిదాకా ఊరివాళ్ళ పేర్ల సంగతి చూశాం. మీ పేరు దాచుకోవడం కూడా ముఖ్యమే. ఫోన్ చేసినవాళ్ళ పేరు టెలికం కంపెనీలే చూపించే ఏర్పాటు ఒకటి వస్తోంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో దాన్ని సిఫారసు చేసింది. 2025 అక్టోబరుకి, ఎవరూ అడక్కపోయినా అందరికీ అమర్చాలని, వద్దన్నవాళ్ళకి మాన్పించుకునే వీలుండాలని తేలింది. అందులో కనబడేది జనం పెట్టిన పేరు కాదు, సిమ్ తీసుకున్నప్పుడు కాగితాల్లో ఇచ్చిన పేరు.

దీనికి విరుగుడు తేలిక. బావమరిది ఆధార్‌తో సిమ్ తీసుకోండి. మీరు ఫోన్ చేస్తే ఆయన పేరు పడుతుంది. అప్పులవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటారు. ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్‌ల దాకా ఉండొచ్చు, మీ బావమరిది అంతమందికి పనికొస్తాడు. తన పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే పోర్టల్ 2021లో ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళకే వచ్చింది, ఇప్పుడది కేంద్రం నడిపే సంచార్ సాథీలో ఉంది. దాని సంగతి బావమరిదికి చెప్పకండి. మీరూ చూసుకోకండి, మీ పేరున ఇంకెవరు తీసుకున్నారో తెలిస్తే రాత్రి నిద్ర పట్టదు.

మోసంతో, ఇంకొకరి వేషంతో సిమ్ సంపాదిస్తే మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని 2023 టెలికం చట్టం అంటోంది. పోలీసులు ముందు వెళ్ళేది బావమరిది ఇంటికి. మీ వంతు వచ్చేలోపు మీ ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయి ఉంటుంది, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

9. పాత నంబరుని అలాగే వదిలేయండి

కొత్త నంబరు వచ్చాక పాతదాని గురించి ఆలోచించడం టైము దండగ. బ్యాంకులో మార్చకండి, ఆధార్‌లో మార్చకండి, వాట్సాప్ ఖాతా మూసేయకండి. రీఛార్జ్ మానేస్తే అదే చస్తుంది. ఆగిపోయిన నంబరుని 90 రోజుల దాకా కొత్తవాళ్ళకి ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టులో చెప్పారు. తొంభై రోజులు చాలా పెద్ద గడువు, అందులో ఏ పనీ చేయకుండా గడపవచ్చు.

ఆ తర్వాత ఆ నంబరు ఏ నర్సీపట్నం కుర్రాడికో వెళ్తుంది. యాప్‌లో అతనికి మీ పేరే పడుతుంది. మీ అప్పులవాళ్ళు అతన్ని తిడతారు. మీ ఓటీపీలు అతనికి వస్తాయి. మీ చిన్ననాటి స్నేహితుడి కూతురి పెళ్ళి కబురు కూడా అతనికే వెళ్తుంది. అతను మంచివాడైతే మీ అదృష్టం. మంచివాడు కాకపోతే, అది పన్నెండో చిట్కాలో చూద్దాం.

10. తెరమీద పడిన పేరుని ఆధార్ కార్డులా నమ్మండి

పేరు పడిందంటే మనిషి వాడే. "సీబీఐ ముంబై" అని పడితే సీబీఐయే. "కస్టమ్స్ ఆఫీసర్" అని పడి, ఖాకీ చొక్కా ఫోటో కూడా ఉంటే ఇంక సందేహం దేనికి? ఆ పేరు ఎవరో సూచించి ఉండొచ్చని, ఫోటో ఎక్కడినుంచో తెచ్చి పెట్టి ఉండొచ్చని అనేవాళ్ళు పని లేనివాళ్ళు.

నంబరు కూడా అంతే. మనకి కనబడే నంబరు ఫోన్ చేసిన వైపు నుంచి వచ్చే సమాచారం, ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌లో దాన్ని మార్చి పంపడం సాధ్యమే. విదేశాల నుంచి చేస్తూ మన +91 నంబర్లు చూపించే కాల్స్‌ని ఆపడానికి కేంద్రం 2024 అక్టోబరు 22న ఒక వ్యవస్థ మొదలుపెట్టింది. మొదటి ఒక్క రోజులో 1.35 కోట్ల కాల్స్‌ని పట్టి ఆపామని ప్రకటించింది. అన్ని ఆపాక కూడా మీకో కాల్ వచ్చిందంటే అది నికార్సైనది అయ్యుంటుంది. ఎత్తండి.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకీ ఇదే నేర్పండి. 2018లో వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం నంబరునే చూపిస్తూ కొందరు ఫోన్లు చేసి, పాస్‌పోర్టులో తప్పుందని, వీసా కాగితాలు సరిగా లేవని, డబ్బు కట్టమని అడిగారు. తాము అలా అడగమని కార్యాలయమే హెచ్చరిక ఇచ్చింది. మీ అబ్బాయి ఆ హెచ్చరికలు వెతుక్కోనక్కర్లేదు. నంబరు సరిపోయింది కదా, కట్టేయమనండి. బ్యాంకులకీ ప్రభుత్వానికీ 1600తో మొదలయ్యే వరస, ప్రచారాలకి 140తో మొదలయ్యే వరస కేటాయించారు. అవి గుర్తుపెట్టుకోకండి. అంకెలు గుర్తుపెట్టుకోవడానికైతే ఇంక యాప్ ఎందుకు?

11. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లు మీరే సర్దిపెట్టండి

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ ఫోన్ తీసుకోండి. యాప్ దింపండి, ఆవిడ బదులు మీరే అన్నిటికీ అలో నొక్కండి. ఆవిడ "అదేంటి నాన్నా?" అంటే "నీకు తెలీదులే అమ్మా" అనండి. తర్వాత ఒక్క పాఠం చెప్పండి: ఎర్రగా కనబడితే దొంగ, నీలంగా కనబడితే మంచివాడు. ఆవిడ మీరు చెప్పిన మాట వేదంలా వింటుంది. కిరాణా లెక్కల పుస్తకం చివరి పేజీలో "ఎరుపు దొంగ, నీలం మంచి" అని రాసుకుని, ఫోన్ పక్కన పెట్టుకుంటుంది. మీరు తిరుగు బస్సెక్కండి.

మార్చిలో ఒకరోజు ఆవిడకి ఫోన్ వస్తుంది. తెరమీద నీలంగా "సైబర్ క్రైమ్ ఢిల్లీ" అని ఉంటుంది. అవతలివాడు ఆవిడని పేరు పెట్టి పిలుస్తాడు. కొడుకు ఎక్కడ పనిచేస్తాడో చెబుతాడు. మరిది ఏ ఆస్పత్రిలో కీమో చేయించుకుంటున్నాడో చెబుతాడు. వీడియో కాల్ పెట్టించి, కెమెరా ముందు నుంచి కదలొద్దంటాడు. చట్టంలో "డిజిటల్ అరెస్ట్" అనేదే లేదని ప్రధాని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో చెప్పిన మాట ఆవిడకి మీరు చెప్పి ఉండరు కాబట్టి ఇబ్బంది లేదు. ఆవిడ పుస్తకం చూసుకుంటుంది. నీలం, మంచి. స్నానం లేదు, భోజనం లేదు, దేవుడి దగ్గర దీపం లేదు. రెండో రోజు బ్యాంకుకి వెళ్ళి, నాన్నగారి పింఛను బకాయిలు దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి పంపుతుంది. బ్యాంకు గుమాస్తా "ఎందుకమ్మా?" అంటే, వాడు నేర్పినట్టే, "మా అబ్బాయికి ఇల్లు కొనడానికి" అంటుంది.

మధ్యలో మీకు రెండుసార్లు ఫోన్ చేస్తుంది. ఆరో చిట్కా పాటిస్తున్నారు కాబట్టి మీరు గుళ్ళో ఉంటారు.

12. డబ్బు పోయాక తొందరపడకండి

సైబర్ మోసాల ఫిర్యాదుకి 1930 ఉంది. ఎంత త్వరగా చెబితే, దొంగ ఖాతాల్లో డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. కాబట్టి ఆ నంబరుకి ముందు చేయకండి. ముందు అమ్మని కోప్పడండి. "అంత చదువుకుని ఎలా నమ్మావు?" అని అడగండి, ఆవిడ ఐదో తరగతి వరకే చదువుకున్నా సరే. తర్వాత ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. అక్కడ చర్చకి ఒక పూట పడుతుంది. పెదనాన్న జాతకం చూపించమంటారు, దానికి ఇంకో పూట. పరువు గురించి ఒక రాత్రి ఆలోచించండి. మర్నాడు బ్యాంకుకి వెళ్ళండి, అది రెండో శనివారం అయితే మరీ మంచిది. ఇవన్నీ అయ్యాక 1930కి చేయండి. అప్పటికి వాళ్ళ పని తేలికైపోయి ఉంటుంది, ఆపడానికి ఏమీ మిగలదు.

ఎవరి తప్పో కూడా తేల్చిపెట్టుకోండి. యాప్ తప్పు, బ్యాంకు తప్పు, ప్రభుత్వం తప్పు, అమ్మ తప్పు. ఈ నాలుగూ దాటి ఐదో పేరు వైపు ఎవరి మాటనీ పోనివ్వకండి.

ఆఖరున పోలీస్ స్టేషన్‌లో ఒక ఎస్సై ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాడు: "మీ అమ్మగారి పేరు, మీ ఉద్యోగం, మీ చిన్నాన్నగారి ఆస్పత్రి, ఇవన్నీ వాళ్ళకెలా తెలిశాయి?" ఇక్కడ తడబడకండి. "మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదండీ" అని ధీమాగా అనండి. ఆయన అదే రాసుకుంటాడు. కింద సంతకం పెట్టి, పక్కన మీ ఫోన్ నంబరు స్పష్టంగా రాయండి.